స్వర్గీయ శ్రోతలు కోరిన పాటలు

కాకినాడ మెయిన్ రోడ్డులో ఫ్యాన్ల షాపు పైన, రెండో అంతస్తులో కెరటం ఎఫ్.ఎం. అనే రేడియో స్టేషన్ ఉంది. దాని చరిత్ర రెండు భాగాలు. మొదటి భాగంలో పాట కోరడానికి శ్రోత బతికి ఉంటే సరిపోయేది. రెండో భాగంలో ఆ సౌకర్యం తీసేశారు.

రెండు భాగాల్లోనూ పొద్దుటిపూట మైకు ముందు కూర్చున్నది దమయంతే. స్టేషన్ పెట్టిన గనిరాజు గారు ఆవిణ్ణి ఉద్యోగంలోకి తీసుకున్నప్పుడు గొంతు పరీక్షించలేదు, చదువు అడగలేదు. “ఊళ్ళోవాళ్ళ పేర్లు ఖూనీ చెయ్యకుండా పలుకుతావా అమ్మా?” అని మాత్రం అడిగారు. పలుకుతానంది. “అయితే రేపట్నించి వచ్చెయ్” అన్నారు. గనిరాజు గారికి బియ్యం మిల్లుంది, పాటల పిచ్చి ఉంది. స్టేషన్ మీద లాభమెంతని ఎవరైనా అడిగితే “మిల్లుంది కదండీ” అని నవ్వేసేవారు.

ఆవిడ కార్యక్రమం పేరు ‘పేరు పేరునా’. శ్రోతలు ఫోన్ చేసేవారు, ఆవిడ వాళ్ళ పేరుతో పలకరించి, కోరిన పాట వేసేది. అంతకుమించి అందులో గొప్ప ఆలోచన ఏమీ లేదు. అయినా తొమ్మిదింటిదాకా ఊళ్ళో టిఫిను సెంటర్లు, మంగలి షాపులు, ఆటోలు అన్నీ ఒకే గొంతుతో మాట్లాడేవి.

శనివారం మొదటి ఫోను ఎప్పుడూ లోవరాజుదే. జగన్నాథపురంలో ఐసు ఫ్యాక్టరీలో పని. ఆయన కోరే పాటా ఎప్పుడూ ఒకటే. అదొక పడవ పాట. ఆ సినిమా వారం ఆడలేదు. తీసినవాళ్ళు కూడా మరిచిపోయారు. కానీ పెళ్ళైన కొత్తలో లోవరాజు, ఆయన భార్య వీరవేణి ఆ సినిమాకి వెళ్ళారు. హాలు మొత్తం మీద వాళ్ళిద్దరే. సినిమా తమకోసమే వేశారని వీరవేణి మురిసిపోయింది, ఎన్నేళ్ళైనా ఆ మురిపెం తగ్గలేదు. పక్షవాతం వచ్చి మంచాన పడ్డాక శనివారం పొద్దున్నే లోవరాజు ఆవిడకు తల దువ్వి, జడ వేసి, రేడియో పెట్టేవాడు. ఆ సంగతి తెలిశాక దమయంతి పాటకి ముందు, “వీరవేణి గారూ, జడ వేసుకున్నారా? ఇది మీ పాట” అనడం అలవాటు చేసుకుంది. వీరవేణి మంచం మీంచి “ఆఁ, వేసుకున్నానమ్మా” అని రేడియోకి జవాబు చెప్పేదట.

గనిరాజు గారు పోయారు. కొడుకులకి పాటల పిచ్చి లేదు. స్టేషన్‌ను హైదరాబాదు కంపెనీకి అమ్మేశారు. అమ్మేముందు కాస్త భక్తి కలిగి, ఏటా నాన్నగారి వర్ధంతి రోజున ఆయన పేరు చెప్పి ఆయనకిష్టమైన పాట వెయ్యాలని ఒప్పందంలో ఒక ముక్క రాయించారు. కంపెనీవాళ్ళు ఆ ముక్క చదవకుండానే సంతకం పెట్టారు.

ఆ కంపెనీ పంపిన మనిషి ప్రభంజన్ గారు. హోదా ప్రాంతీయ శ్రవణ వ్యూహాధికారి. ఆయన వెంట ఒక యంత్రం వచ్చింది. ఊళ్ళో ఎంతమంది వింటున్నారో, ఎవరు ఏ క్షణంలో స్టేషన్ మార్చేస్తున్నారో దాని తెర మీద గీతలుగా కనపడుతుంది. అలా మార్చేయడానికి ఆయన ‘శ్రోత జారుడు’ అని పేరు పెట్టారు.

మొదటి సమావేశంలో ప్రభంజన్ గారు సెలవిచ్చారు. “ఇకనుంచి మనది పాటల స్టేషన్ కాదు మేడమ్, హిట్ల స్టేషన్. శ్రోత ఏడు సెకన్లలో గుర్తుపట్టి, సంతృప్తిని వ్యక్తపరచిన గీతం మాత్రమే ప్రసారార్హం.”

“మరి కొత్త పాటలండీ?” అంది దమయంతి.

“హిట్ అయిన తరువాత నిస్సందేహంగా ప్రసారం చేద్దాం.”

“మనం వెయ్యకపోతే ఊళ్ళో హిట్ ఎలా అవుతుందండీ?”

“అది ఆ పాట బాధ్యత” అన్నారు ప్రభంజన్ గారు.

సంతృప్తిని కొలవడానికి భానుగుడి సెంటర్ దగ్గర ఒక ఫంక్షన్ హాలు తీసుకున్నారు. రేషన్ డిపో వరుసలో నిలబడ్డవాళ్ళని బిర్యానీ పెడతామని పిలుచుకొచ్చి, చేతికి రెండు బటన్లున్న డబ్బా ఇచ్చి కూర్చోబెట్టారు. నచ్చితే పచ్చది, విసుగొస్తే ఎర్రది. ఒక్కొక్క పాటా ఏడు సెకన్లు. పదకొండింటిదాకా జనం ఉత్సాహంగా పచ్చ బటన్ నొక్కారు. ఆ తరవాత బిర్యానీ వాసన హాల్లోకి వచ్చింది. “ఎప్పుడు పెడతారండీ బాబూ?” అని ఒకావిడ లేచి అడిగింది. కూర్చోమన్నారు. అక్కణ్ణుంచి ఎవరూ ఎర్ర బటన్ మీంచి వేలు తియ్యలేదు. ఆ విధంగా మధ్యాహ్నం తరవాత వినిపించిన పాటలన్నీ ఫ్లాపులని శాస్త్రీయంగా తేలింది.

పడవ పాట ఆ మధ్యాహ్నం గుంపులోనే ఉంది.

“ఆ గీతాన్ని గుర్తించినవారు సున్నా” అన్నారు ప్రభంజన్ గారు.

“ఒకరున్నారండి. జగన్నాథపురంలో.”

“ఒకరు శాంపిల్ అవరు మేడమ్.”

మరుసటి నెల అవే పాటలు మళ్ళీ పరీక్షకి పెట్టారు. ఈసారి ప్రశ్న, ఈ పాట విని విసిగిపోయారా అని. జాబితాలో పాటలు సగానికి తగ్గాయి గనక ఉన్నవాటినే రెండింతలు వేస్తున్నారు, వింటున్నవాళ్ళు నిజంగానే విసిగిపోయారు. విసిగినవాటిని తీసేశారు. మిగిలినవాటిని ఇంకా ఎక్కువసార్లు వేశారు. దాంతో అవీ విసుగనిపించాయి. కొత్త పాట లోపలికి రావడానికి దారి లేదు, పాత పాట బయటికి పోవడానికి మాత్రం ప్రతి నెలా తలుపు తెరిచే ఉంటుంది. జాబితా చిక్కిపోతున్నకొద్దీ ప్రభంజన్ గారి ముఖం వెలిగిపోయేది. “నాణ్యత సాంద్రమవుతోంది” అనేవారు.

కోరిన పాటల్ని మాత్రం రద్దు చెయ్యలేదు. కంపెనీకి శ్రోతల కోరిక అంటే అంత గౌరవం. వాళ్ళు ఏది కోరాలో కంపెనీయే నిర్ణయించింది. ఆ శనివారం లోవరాజు ఫోన్ చేసినప్పుడు దమయంతి కాగితం చూసి చదవాల్సి వచ్చింది. “మీరు కోరిన పాట మా హిట్ జాబితాలోని ఈ పాటేనని గుర్తించాం. విని ఆనందించండి.”

“నేను కోరింది అది కాదండి దమయంతమ్మ గారూ” అన్నాడు లోవరాజు అవతల్నించి. “పెసరట్టడిగితే బోండా తెచ్చెట్టి, తవరడిగింది ఇదేనండి అంటే ఎలాగుంటాదండీ? ఈవిడ జడేసుక్కూకుందండి మరి.”

దమయంతి నోరు విప్పేలోగా బోండా మొదలైపోయింది.

ఆ పైవారం సర్క్యులర్ వచ్చింది. “ఒక శ్రోత నామధేయం ఉచ్చరింపబడిన సమయంలో, ఆ నామధేయం లేని శ్రోతలందరూ ఉపేక్షకు గురవుతున్నట్లు పరిశీలనలో వెల్లడైనది. కావున సమానత్వ పరిరక్షణార్థం ఇకపై ఎవరి పేరునూ ఉచ్చరించరాదు.” ఊళ్ళోవాళ్ళ పేర్లు పలకడానికి కుదుర్చుకున్న మనిషి ఇక ఎవరి పేరూ పలకకూడదు. ఆ కాగితాన్ని దమయంతి ఉండచుట్టి విసిరేసింది. మళ్ళీ తనే వెళ్ళి తీసి, చదును చేసి గోడకి అంటించింది. ఉద్యోగం మానేద్దామనుకుంది. మానేస్తే ఆ కుర్చీలో ఇంకెవరో కూర్చుంటారు, వాళ్ళకి వీరవేణి ఎవరో కూడా తెలీదు. ఆ ఒక్క ఆలోచనే ఆవిణ్ణి కుర్చీలోంచి లేవనివ్వలేదు.

లోవరాజు ఇంట్లో మేనల్లుడు ఎక్కడో వెతికి పడవ పాటని ఫోన్లో పెట్టిచ్చాడట. వీరవేణి చివరిదాకా వింది. “పాటొచ్చింది గానీ, నన్ను పిలవలేదేంటి?” అని అడిగింది. లోవరాజు ఫోను పక్కన పెట్టేశాడు.

జాబితాలో చివరికి ఒక్క పాట మిగిలింది. కేకు కోశారు. హైదరాబాదు నించి అభినందన వచ్చింది. “దేశంలో ప్రథమ శుద్ధ హిట్ కేంద్రం” అని మేడ మీద ఫ్లెక్సీ కట్టారు. ఊళ్ళో మంగలి షాపులో గెడ్డం సగం గీయించుకున్న మనిషి లేచి వెళ్ళిపోయాడని, ఆటోవాళ్ళు రేడియోలు పీకి అమ్మేసుకుంటున్నారని కబురు వచ్చినా ప్రభంజన్ గారు చలించలేదు. యంత్రం తెర మీద గీత నేలకి అంటుకుపోయింది. “జారడానికి ఇక శ్రోత లేడు. జారుడు సున్నా” అని నివేదిక రాశారు.

అప్పుడొచ్చింది గనిరాజు గారి వర్ధంతి.

ఒప్పందం ఒప్పందమే. గత్యంతరం లేక అనుమతిచ్చారు. “స్వర్గీయ గనిరాజు గారి జ్ఞాపకార్థం” అని చెప్పి దమయంతి ఆయనకిష్టమైన పాత పాట వేసింది. నెలల తరబడి ఒకే పాట విన్న ఊరు ఉలిక్కిపడింది. టీ కొట్టువాడు రేడియో గొంతు పెంచాడు. ఒకరికొకరు ఫోన్ చేసుకున్నారు. తెర మీద గీత లేచింది. లేచినది పాట అయ్యేదాకా దిగలేదు.

ఇంకో పాట వేశారు గనక జనం విన్నారని ఫ్యాన్ల షాపు వాచ్‌మన్‌కి కూడా తెలుసు. ప్రభంజన్ గారు మాత్రం రెండు రోజులు తలుపేసుకుని ఆలోచించి, వేరే సత్యం కనుక్కున్నారు.

“మేడమ్, మన లోపం తెలిసింది. మనం ఇన్నాళ్ళూ జీవించి ఉన్న శ్రోతల మీద ఆధారపడ్డాం. జీవించి ఉన్న శ్రోత అభిరుచి మారుతుంది. విసిగిపోతాడు. మృత శ్రోత అభిరుచి సుస్థిరం. విసుగు శాతం శాశ్వతంగా సున్నా.”

“అంటే?”

“ఇకపై ఏ పాటనైనా, పేరుతో సహా ప్రసారం చేయవచ్చు. కోరిన వ్యక్తి మరణించి ఉండాలి. అంతే నిబంధన.”

కార్యక్రమానికి ‘స్వర్గీయ శ్రోతలు కోరిన పాటలు’ అని పేరు పెట్టారు. మరణ ధ్రువీకరణ పత్రం జతపరచాలి. వెంటనే దొరక్కపోతే ‘పత్రం త్వరలో సమర్పించబడును’ అని రాసి సంతకం పెట్టాలి.

మర్నాటికి మెట్ల మీద వరుస కట్టారు. ఒక కుర్రాడు వాళ్ళ తాతగారి పత్రం పట్టుకొచ్చాడు. ఆయన పోయి నలభై ఏళ్ళు దాటింది. కోరిన పాట మొన్న శుక్రవారం విడుదలైన సినిమాలోది.

“ఈ పాట మీ తాతగారికి ఇష్టమా బాబూ?” అంది దమయంతి నవ్వాపుకుంటూ.

“ప్రాణవండి” అన్నాడు కుర్రాడు.

ప్రభంజన్ గారు పత్రం మీద సీలు చూశారు. “సక్రమంగా ఉంది. అభిరుచి కాలాతీతం మేడమ్, వెయ్యండి” అన్నారు.

ఆ శుక్రవారం లోవరాజు స్టేషనుకి వచ్చాడు. చొక్కాకి ఐసు మీద కప్పే రంపప్పొట్టు అంటుకుని ఉంది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

“ఆవిడకేమన్నా ఐతే పాటేస్తారంటండి కదా” అన్నాడు. “మరి బతికున్నోళ్ళకేవీ లేదాండీ?”

“లేదు బాబాయి గారూ. రూలు.” చెప్పడానికి దమయంతికి సిగ్గేసింది.

“అంటే నేనిప్పుడు మా ఆవిడ ఫొటోకి దండేసుకురావాలాండీ? పొద్దున్నే గంజి తాగించొచ్చిన మనిషికి?”

పొరపాటున అడిగానని లోవరాజే సర్దిచెప్పి వెళ్ళిపోయాడు. సాయంత్రం ఫోన్ చేశాడు. గొంతు మారింది.

“తిట్టద్దని ముందే చెప్పి, ఆవిడకీ రూలు సంగతి చెప్పానండి. నవ్విందండి. ‘చచ్చాకేస్తే నేనెలాగూ వినలేను గదా. ఇప్పుడే చంపెయ్యమని చెప్పు దమయంతమ్మని, హాయిగా వింటాను’ అందండి.”

దమయంతి ఆ రాత్రే నిర్ణయించుకుంది. ఉద్యోగం పోతే పోయింది. దరఖాస్తు తనే నింపి, ‘పత్రం త్వరలో సమర్పించబడును’ అని తనే సంతకం పెట్టింది. శనివారం పొద్దున్న మైకులో, “స్వర్గీయ వీరవేణి గారి జ్ఞాపకార్థం, ఆవిడకి ఎంతో ఇష్టమైన పాట” అంది. జడ సంగతి అడగడానికి వీల్లేకపోయింది. స్వర్గీయులు జడ వేసుకోరు.

పాట సగంలో ఉండగానే ఐసు ఫ్యాక్టరీ వాళ్ళు, హార్బరు వాళ్ళు పూలదండలు పట్టుకుని లోవరాజు ఇంటికి పరిగెత్తారు. లోపల వీరవేణి దిండుకి ఆనుకుని, జడ ముందుకు వేసుకుని పాట వింటోంది. దండలతో గుమ్మంలో నిలబడ్డవాళ్ళని చూసి, “కాసేపాగండి బాబూ, అవ్వనివ్వండి” అని చేత్తో సైగ చేసింది. పాట అయ్యాక అందరికీ టీ ఇచ్చారు. తెచ్చిన దండలు పారెయ్యడం ఎందుకని మంచానికి చుట్టారు.

సోమవారం విచారణ. ప్రభంజన్ గారు తలుపు వేసి, గొంతు తగ్గించి అడిగారు.

“మీ స్వర్గీయ శ్రోత జీవించి ఉన్నారని ఒక ఆరోపణ.”

“నిజమేనండి. బాగా జీవించి ఉన్నారు. ఇడ్లీ తిన్నారట పొద్దున్న.”

దమయంతి రాజీనామా కాగితం జేబురుమాల్లో మడిచి పట్టుకునే వచ్చింది. ప్రభంజన్ గారు మాత్రం చెమట తుడుచుకున్నారు. శనివారం నాటి గీత గనిరాజు గారి గీతని మించిపోయింది. ఆ సంగతి అప్పటికే ఆయన హైదరాబాదుకి పంపారు. ‘మృత శ్రోత సిద్ధాంతానికి తిరుగులేని నిదర్శనం: వీరవేణి’ అని దాని శీర్షిక. పై అధికారి దాన్ని మెచ్చుకుని ఇంకా పై అధికారికి పంపారు.

“మేడమ్, కార్యాలయ రికార్డుల ప్రకారం ఆవిడ స్వర్గీయులే” అన్నారు ఆయన. “రికార్డును సవరించే అధికారం నాకు లేదు. ప్రతి శనివారం ఆవిడ పాటని శాశ్వతంగా కేటాయించాలని పైనించి ఆదేశం. ఒక్కటే లోటు. ఫైల్లో పత్రం లేదు. వీలైనంత త్వరగా సమర్పించమనండి.”

“ఏది?”

“మరణ ధ్రువీకరణ పత్రం.”

“త్వరగానా?” అంది దమయంతి.

“వారి వీలు చూసుకునే” అన్నారు ప్రభంజన్ గారు పెద్ద మనసుతో.

మనిషి ఎదురుగా కూర్చుని ఇంత మాట అనగలడని దమయంతి అనుకోలేదు. ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. కానీ శనివారం పాట దక్కింది గనక నోరు మూసుకుని, రాజీనామా కాగితాన్ని మళ్ళీ జేబురుమాల్లోనే పెట్టుకుని వచ్చేసింది.

ఈ సంగతి ఊళ్ళో దాగలేదు. ఆ నెలలో కాకినాడలో మరణాలు విపరీతంగా పెరిగాయి. అందరి పత్రాలూ త్వరలోనే సమర్పించబడును. బజార్లో ఒకరికొకరు ఎదురుపడితే, “ఏవండోయ్, మొన్న మంగళవారం పోయారంటగా?” అని పలకరింపు. “ఆయ్, మా అమ్మాయి పుట్టిన్రోజుకని పోయానండి. పాట బాగా వచ్చిందా?” అని జవాబు. పెళ్ళిరోజుకి దంపతులు జంటగా పోయేవారు. స్టేషన్‌కి మళ్ళీ పూర్వవైభవం వచ్చింది. టిఫిను సెంటర్లు మళ్ళీ ఒకే గొంతుతో మాట్లాడాయి, కాకపోతే సంతాప స్వరంలో. కంపెనీ తన ఉత్తమ కేంద్రం బహుమతిని కెరటం ఎఫ్.ఎం.కి ఇచ్చింది. ప్రభంజన్ గారు శాలువా కప్పించుకుని, జీవించి ఉన్న శ్రోతల యుగం ముగిసిందని ఉపన్యసించారు. చప్పట్లు కొట్టినవాళ్ళంతా స్వర్గీయులే.

రెండేళ్ళు అలా శనివారాలు గడిచాయి. వారంవారం దమయంతి “స్వర్గీయ వీరవేణి గారి జ్ఞాపకార్థం” అనేది. వారంవారం వీరవేణి మంచం మీంచి “ఆఁ, వేసుకున్నానమ్మా” అనేదట, అడక్కపోయినా.

ఒక గురువారం మధ్యాహ్నం లోవరాజు మెట్లెక్కి వచ్చాడు. చొక్కా ఉతికినది. చేతిలో మడత పెట్టిన కాగితం. అది చూడగానే దమయంతి కుర్చీలోంచి లేచింది.

“సోమవారం తెల్లారగట్లండి” అన్నాడు లోవరాజు.

ఎదుటి గదిలోంచి ప్రభంజన్ గారు వచ్చారు. కాగితం అందుకున్నారు. విప్పి, పేరు చూసి, సీలు చూసి, ఆయన ముఖం విప్పారింది.

“చాలా సంతోషం. చాలాకాలంగా దీనికోసం ఎదురుచూస్తున్నాం. ఇప్పటికి ఫైలు పూర్తయింది” అని లోవరాజు చెయ్యి పట్టుకుని ఊపారు. లోవరాజు ఏమీ అర్థం కానట్టు ఆయన చేతిలో తన చెయ్యిని చూస్తూ నిలబడ్డాడు. దమయంతి ప్రభంజన్ గారి చేతిని లాగేసింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఒక పై అధికారి చేతిని విదిలించడం ఆవిడకి అదే మొదలు.

మెట్లు దిగబోతూ లోవరాజు ఆగాడు.

“శనివారం పాటేస్తారు కదండీ?”

“వేస్తాను బాబాయి గారూ.”

“ఈ ఒక్క వారం మాత్రం స్వర్గీయ అనకండమ్మా” అన్నాడు. “ఇన్నాళ్ళూ నవ్వులాటకి విన్నానండి. ఇప్పుడు నావల్ల కాదు.”

శనివారం పొద్దున్న దమయంతి మైకు ముందు కూర్చుంది. గోడమీద సర్క్యులర్, అద్దం అవతల యంత్రం, దాని ముందు ప్రభంజన్ గారు. ముందున్న కాగితం మీద ‘స్వర్గీయ’ అనే మాట పెద్ద అక్షరాల్లో ఉంది. దాన్ని తిరగేసి పెట్టింది.

“వీరవేణి గారూ” అంది. ఊరంతా ఆగింది. “జడ వేసుకున్నారా? ఇది మీ పాట.”

అటు మంచం ఖాళీగా ఉందని ఊళ్ళో అందరికీ తెలుసు. జగన్నాథపురంలో లోవరాజు ఒక్కడే రేడియో ముందు కూర్చుని, “ఆఁ, వేసుకుందండి” అన్నాడు.

పాట మొదలైంది. అది అయ్యేదాకా ఒక్కరూ స్టేషన్ మార్చలేదని యంత్రం నమోదు చేసింది. ధ్రువీకరణ పత్రం సక్రమంగా ఉండడం వల్లనే ఈ ఫలితం సాధ్యమైందని ప్రభంజన్ గారు హైదరాబాదుకి నివేదిక పంపారు. దాంతోపాటే, మరణించిన శ్రోతను జీవించి ఉన్నట్లు సంబోధించినందుకు దమయంతిని సంజాయిషీ కోరారు.